ఇంగ్లండ్ పల్లె కమ్మరిని చర్చి రిజిస్టర్లలో పట్టుకోవడం ఎలా

ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి రిజిస్టరు తెరవగానే కనిపించేది పేర్ల కరువు. ఏ పేజీ చూసినా జాన్, విలియమ్, థామస్. ఒకే ఇంటిపేరుతో ఒకే పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలో, ఒకే కాలంలో ముగ్గురు జాన్‌లు ఉండటం వింతేమీ కాదు. వాళ్లను విడదీసేది వృత్తి. ఒక జాన్ కమ్మరి, ఒకడు వడ్రంగి, ఒకడు కూలి. అందుకే చేతివృత్తి చేసుకున్న పూర్వికుడు దొరికితే అదృష్టమనే చెప్పాలి, కూలివాడి జాడ పట్టడం కంటే ఇతని జాడ పట్టడం చాలా తేలిక. చిక్కల్లా ఒకటే. ఆన్‌లైన్ సూచికల్లో చాలావాటిలో వృత్తి కనిపించదు. పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఎక్కించి, వృత్తి గడిని వదిలేస్తారు. కాబట్టి సూచికను పేజీ దాకా తీసుకెళ్లే దారిగానే వాడుకోండి, పేజీ బొమ్మ చూడనిదే ఏదీ ఖాయం చేసుకోవద్దు.

1851 నుంచి వెనక్కి

మొదలుపెట్టాల్సింది చర్చి రిజిస్టరు దగ్గర కాదు, జనగణన దగ్గర. పేర్లతో సహా మిగిలిన మొదటి దేశవ్యాప్త జనగణన 1841 జూన్ 6 నాటిది. కానీ అందులో 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును సాధారణంగా కింది ఐదుకు కుదించి రాశారు. 44 ఏళ్లవాడు 40 అయ్యాడు. పుట్టిన ఊరు కూడా ఉండదు, అదే కౌంటీలో పుట్టాడా లేదా అన్నంతవరకే. 1851 మార్చి 30 నాటి లెక్కలో మాత్రం పుట్టిన పారిష్, ఇంటిపెద్దతో బంధుత్వం, వృత్తి అన్నీ ఉంటాయి. సొంత కొలిమి ఉన్నవాడైతే 'మాస్టర్' అనీ, ఎంతమందిని పనిలో పెట్టుకున్నాడో కూడా రాసి ఉండొచ్చు. 'జర్నీమన్' అని ఉంటే పని నేర్చుకుని మరొకరి దగ్గర కూలికి చేస్తున్నాడని అర్థం. అలాంటివాడు ఊళ్లు మారి ఉండే అవకాశం ఎక్కువ.

1851లో కమ్మరి వయసు 52 అని ఉందనుకోండి. ఆ లెక్కన అతను 1798 మార్చి 31కీ 1799 మార్చి 30కీ మధ్య పుట్టాలి. దాన్ని నమ్మి ఆ ఏడాదే వెతికితే సగం సార్లు ఉత్త చేతులతో వస్తారు. అటు ఐదేళ్లు, ఇటు ఐదేళ్లు చూడండి. పుట్టిన ఊరు విషయంలో 1851, 1861, 1871 మూడింటినీ పక్కపక్కన పెట్టుకోండి. ఒకదాంట్లో పల్లె పేరు, మరోదాంట్లో దగ్గరి పట్నం పేరు, ఇంకోదాంట్లో చిన్నప్పుడు పెరిగిన ఊరు చెప్పడం మామూలే.

పౌర నమోదు, అంటే ప్రభుత్వం చేసే జనన, మరణ, పెళ్లిళ్ల నమోదు, 1837 జులై 1న మొదలైంది. ఆ తర్వాతి పెళ్లి నమోదులో వధూవరుల ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. చర్చిలో జరిగిన పెళ్లికి ఇవే వివరాలు చర్చి పెళ్లిపుస్తకంలోనూ ఉంటాయి, కాబట్టి పేజీ బొమ్మ దొరికితే సర్టిఫికెట్ కొనక్కర్లేదు. ఒక జాగ్రత్త: తండ్రి అప్పటికే చనిపోయినా ఆ మాట రాయనివి బోలెడు. తండ్రి ఎవరో తెలియని వరుడు నామోషీకి ఒక పేరు కల్పించి చెప్పిన సందర్భాలూ ఉన్నాయి.

1813–1837: వృత్తి గడి ఉన్న కాలం

జార్జ్ రోజ్ పేరుమీద పిలిచే 1812 చట్టం 1813 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి అచ్చు ఫారాలను తప్పనిసరి చేసింది. బాప్తిస్మం పుస్తకంలో పేజీకి ఎనిమిది నమోదులు. ఒక్కో వరుసలో ఎడమ నుంచి కుడికి బాప్తిస్మం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, నివాసం, తండ్రి హోదా లేదా వృత్తి, చివర పాదిరి సంతకం. మీకు బంగారం ఆరో గడిలో ఉంది.

ఇక్కడ ఒక దంపతుల పిల్లలందరినీ వరుసగా రాసుకుని, ప్రతి బిడ్డ దగ్గరా తండ్రి వృత్తి, నివాసం నమోదు చేయండి. 'కమ్మరి, కమ్మరి, కమ్మరి' అని వస్తూ మధ్యలో ఒకచోట 'కూలి' అని వచ్చిందంటే తొందరపడకండి. అది అదే పేరున్న మరో జాన్ కావచ్చు, పని లేక కూలికి వెళ్లిన మీ జాన్ కావచ్చు. నివాసం చూడండి, భార్య పేరు చూడండి. అదే తేదీన అదే పేజీలో ఇంకో జాన్ బిడ్డ ఉన్నాడేమో చూడండి. పల్లెల్లో రెండు పనులు చేయడం సాధారణం. కమ్మరికి నాలుగెకరాల సేద్యం ఉంటుంది, బండి చక్రాల వడ్రంగి శవపేటికలూ చేస్తాడు, 1830లో బీరుషాపుల చట్టం వచ్చాక కొలిమి పక్కనే బీరు అమ్మినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒకచోట రైతు, ఒకచోట కమ్మరి అని ఉన్నంతమాత్రాన ఇద్దరు మనుషులని తీర్మానించకూడదు.

బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా రాసుకోవడం కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు. కొన్ని రోజుల తేడా ఉండొచ్చు, కొన్నేళ్లు కూడా ఉండొచ్చు. ముగ్గురు నలుగురు పిల్లలకు ఒకేరోజు చేయించిన కుటుంబాలు తరచుగా కనిపిస్తాయి.

1813 తర్వాతి ఖననం నమోదులో పేరు, నివాసం, తేదీ, వయసు ఉంటాయి, వృత్తి గడి లేదు. అయినా ఖననాలు చూడటం మానొద్దు. మీకు దొరికిన బాప్తిస్మం బిడ్డ రెండేళ్లకే చనిపోయి ఉంటే, మీరు కట్టిన వంశవృక్షం మొత్తం వేరేవాళ్ల ఇంటిది అవుతుంది. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం అప్పట్లో ఆనవాయితీ, అందుకే ఒకే ఇంట్లో రెండు జాన్ బాప్తిస్మాలు కనిపిస్తే మధ్యలో ఒక చిన్న ఖననం ఉందేమో వెతకండి.

1754–1812: సంతకాల కాలం

హార్డ్‌విక్ పెళ్లి చట్టం 1754 మార్చి 25 నుంచి అమలైంది. అప్పటినుంచి వధూవరులు, ఇద్దరు సాక్షులు సంతకమో వేలిగుర్తులాంటి గీతో పెట్టాలి. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, యూదులు తప్ప మిగతా అందరూ ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలి. మెథడిస్టు, బాప్టిస్టు కుటుంబమైనా 1754–1837 మధ్య పెళ్లి ఇక్కడే దొరుకుతుంది, బిడ్డల బాప్తిస్మాలు మాత్రం వాళ్ల సొంత రిజిస్టర్లలో ఉండొచ్చు. 1837 తర్వాత ప్రభుత్వం సేకరించిన ఆ పుస్తకాలు ఇప్పుడు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 మొదలు ఆర్‌జీ 8 దాకా వరసల్లో ఉన్నాయి.

సాక్షుల పేర్లు కూడా రాసుకోండి, కానీ ముందు ఆ పేజీకి ముందు రెండు, వెనక రెండు పేజీలు తిప్పండి. ఒకే పేరు ప్రతి పెళ్లికీ సాక్షిగా ఉంటే అతను పారిష్ గుమస్తా, మీ బంధువు కాదు. రెండో సాక్షే పనికొచ్చేవాడు. వరుడి అన్నో వధువు తండ్రో అయి ఉంటాడు.

పెళ్లి ప్రకటనలను, అంటే బ్యాన్స్‌ను, వధువు పారిష్‌లోనూ వరుడి పారిష్‌లోనూ మూడేసి ఆదివారాలు చదివేవారు. పెళ్లి సాధారణంగా వధువు ఊళ్లో. అందువల్ల పెళ్లి నమోదు దొరక్కపోయినా వరుడి ఊరి బ్యాన్స్ పుస్తకంలో 'ఫలానా పారిష్‌కు చెందిన మేరీ' అని దొరుకుతుంది, ఆ దారంతో పెళ్లి జరిగిన ఊరు పట్టుకోవచ్చు. మొదటి బిడ్డ బాప్తిస్మం కూడా తరచు తల్లి పుట్టినూళ్లోనే.

కాస్త డబ్బున్న చేతివృత్తివాళ్లు బ్యాన్స్ చదివించకుండా లైసెన్సుతో పెళ్లి చేసుకునేవారు. లైసెన్సు కాగితం మిగలకపోయినా దానికోసం ఇచ్చిన ప్రమాణపత్రం, పూచీపత్రం బిషప్ రికార్డుల్లో ఉంటాయి. వరుడి వృత్తి, వయసు, నివాసం అందులో ఉంటాయి. పూచీపత్రాలు 1823తో ఆగిపోయాయి. 'ఇరవై ఒకటి, ఆపైన' అని వయసు ఉంటే సరిగ్గా 21 అని రాసుకోకండి, మేజర్ అని మాత్రమే దాని అర్థం. 21 కావచ్చు, 45 కూడా కావచ్చు.

ఈ కాలపు బాప్తిస్మాల్లో వృత్తి ఉండటం పాదిరి ఓపికను బట్టి. 'థామస్, మేరీల కొడుకు జాన్' అని ఒక్క వాక్యంతో సరిపెట్టినవే ఎక్కువ. యార్క్‌షైర్‌లో మాత్రం 1770ల నుంచి 1812 దాకా కొన్ని పారిష్‌లు విలియమ్ డేడ్ అనే పాదిరి పద్ధతిలో రాశాయి. తండ్రి వృత్తి, బిడ్డ ఎన్నోవాడు, ఇరువైపులా తాత అమ్మమ్మల పేర్లు కూడా ఒకే నమోదులో! డరమ్, నార్తంబర్లండ్‌లలో బిషప్ బారింగ్టన్ ఆదేశంతో 1798–1812 మధ్య దాదాపు ఇలాంటివే వచ్చాయి. మీ మనిషి అటువైపువాడైతే ఇక్కడ రెండు తరాలు ఒక్క పూటలో దొరుకుతాయి.

1783 అక్టోబర్ 1 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకూ మూడు పెన్నీల పన్ను ఉండేది. పేదలకు మినహాయింపు. అందుకే ఆ ఏళ్లలో పేరు పక్కన 'పీ' అనే అక్షరమో 'పాపర్' అనే మాటో ఉంటే, నిజంగా గతిలేనివాడని వెంటనే అనుకోకండి. పన్ను తప్పించడానికి అలా రాయించుకున్నవాళ్లు, రాసిపెట్టిన పాదిరులు కూడా ఉన్నారు. ఈ పన్ను మొదలయ్యే ముందు బాప్తిస్మాల రద్దీ, తర్వాత కొన్నేళ్లు కరువు కనిపించడానికీ అదే కారణం.

సంవత్సరం ఎప్పుడు మొదలైంది

1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1731 డిసెంబర్ తర్వాత వచ్చేది 1731 జనవరి. ఇప్పటి లెక్కలో అది 1732. నోట్సులో 1731/2 అని రెండూ రాసుకోండి. లేకపోతే ఫిబ్రవరిలో పుట్టిన బిడ్డ, గత జూన్‌లో జరిగిన పెళ్లి కంటే ముందే పుట్టినట్టు కనిపించి తల్లిదండ్రుల్ని అనవసరంగా అనుమానిస్తారు. 1752 సెప్టెంబర్‌లో 2వ తేదీ మర్నాడు 14వ తేదీ వచ్చింది, మధ్య పదకొండు రోజులు లేనే లేవు.

1733కు ముందు కొన్ని రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి. భయపడనక్కర్లేదు, కావలసిన మాటలు పదో పదిహేనో. ఫాబెర్ అంటే సాధారణంగా కమ్మరి, ఫాబెర్ లిగ్నారియుస్ వడ్రంగి, టెక్స్టోర్ నేతగాడు, సూటోర్ బూట్లు కుట్టేవాడు, మోలిటోర్ పిండిమర నడిపేవాడు. ఇంగ్లిష్‌లో ఉన్నా కొన్ని వృత్తి పేర్లు ఇప్పుడు వాడుకలో లేవు. కార్డ్‌వెయినర్ అంటే కొత్త తోలుతో బూట్లు చేసేవాడు, కాబ్లర్ పాతవి బాగుచేసేవాడు. వెబ్‌స్టర్ నేతగాడు, వైట్‌స్మిత్ తగరంపని లేదా మెరుగుపెట్టిన ఇనుపపని చేసేవాడు, ఫెల్‌మంగర్ పచ్చితోళ్ల వ్యాపారి.

కమ్మరిని వెతికేవాళ్లకు ప్రత్యేకంగా ఒక గుంట ఉంది. స్మిత్ అంటే కమ్మరి. మరి 'జాన్ స్మిత్' అన్నది ఇంటిపేరా వృత్తా? పాతకాలపు రాతలో కామాలు, పెద్దక్షరాలు పాటించలేదు. అదే పాదిరి మిగతావాళ్లకు ఇంటిపేరు తప్పక రాస్తున్నాడా, వృత్తులు రాసే అలవాటుందా అని అదే పేజీలో మిగతా నమోదులు చూస్తే తేలిపోతుంది. ఇంటిపేరు అక్షరక్రమం కూడా చెవికి వినబడ్డట్టే రాశారు. హాలమ్ అన్నది ఒకచోట ఆలమ్ అవుతుంది, సూచికలో 'ఎ' దగ్గరికి పోతుంది. ఇంటిపేరును గట్టిగా పలికి, మొదటి అక్షరం రాలిపోతే ఎలా ఉంటుందో కూడా వెతకండి.

పేజీ లేనప్పుడు

రిజిస్టర్లు 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో మొదలయ్యాయి. కానీ చాలా పారిష్‌లలో అంత పాతవి మిగల్లేదు. 1598 నుంచి ప్రతి పారిష్ ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాలి. వీటిని బిషప్స్ ట్రాన్‌స్క్రిప్ట్స్ అంటారు. అసలు పుస్తకం తడిసినా కాలినా ఎలుకలు కొట్టినా ఈ నకలు ఆదుకుంటుంది. అసలు ఉన్నా సరే రెండూ పోల్చండి. ఒకదాంట్లో లేని వృత్తి, భార్య పేరు మరోదాంట్లో ఉండటం అప్పుడప్పుడూ జరుగుతుంది. అంతర్యుద్ధం, గణతంత్ర కాలంలో, అంటే 1640ల నుంచి 1660 దాకా, రెండింట్లోనూ పెద్ద ఖాళీలు ఉంటాయి. అక్కడ ఇతర ఆధారాలే దిక్కు.

వందేళ్లు దాటిన రిజిస్టర్లు ఇప్పుడు ఎక్కువగా కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉన్నాయి. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ సైట్లు ఉచితం. యాన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్‌లకు చందా కట్టాలి. ఒక్కో కౌంటీ ఒక్కో సైటుతో ఒప్పందం చేసుకుంది కాబట్టి చందా కట్టేముందు మీ కౌంటీ బొమ్మలు ఎక్కడున్నాయో చూసుకోండి. ఆ పారిష్‌కు ఏయే ఏళ్లు సైటులో ఉన్నాయో కూడా చూసి నోట్సులో రాసుకోండి. 'దొరకలేదు' అన్నమాటకు, ఆ ఏళ్లు అసలు ఎక్కించనే లేదు అన్నదానికి నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

పది మైళ్ల చుట్టూ

ఒక చిన్న పల్లెకు ఒక కొలిమి చాలు. కమ్మరికి ముగ్గురు కొడుకులుంటే ఒకడు తండ్రి కొలిమి తీసుకుంటాడు, మిగతావాళ్లు కమ్మరి లేని ఊరు చూసుకోవాలి. అందుకే చేతివృత్తివాళ్లు కూలివాళ్ల కంటే భిన్నంగా కదిలారు. ఫ్యామిలీసెర్చ్‌లో 1851 నాటి పారిష్ సరిహద్దుల మ్యాప్ ఉంది. మీ పారిష్ చుట్టూ పది, పదిహేను మైళ్లలోని పారిష్‌లన్నీ రాసుకుని, దగ్గరివాటి నుంచి మొదలుపెట్టండి. ఉత్తరాది పారిష్‌లు చాలా పెద్దవి, ఒక్కోదాంట్లో నాలుగైదు ఉపచర్చిలు ఉంటాయి. నమోదు ఉపచర్చిలో లేకపోతే తల్లిచర్చిలో ఉంటుంది.

ప్రతి పారిష్‌లోనూ ఆ ఇంటిపేరున్న బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు వందేళ్లవి మొత్తం దించుకోండి. మీ జాన్‌వి మాత్రమే కాదు, అందరివీ. తర్వాత కుటుంబాలుగా పేర్చండి. రెండు మూడేళ్లకో బిడ్డ వస్తున్న కుటుంబంలో హఠాత్తుగా ఆరేళ్ల ఖాళీ వస్తే, ఆ ఆరేళ్లూ వాళ్లు పక్క పారిష్‌లో ఉన్నారేమో చూడాలి. 'సీనియర్', 'జూనియర్' అన్న మాటల్ని తండ్రీకొడుకులుగా చదవకండి. ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే. బాబాయి, అన్నకొడుకు కావచ్చు, ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. పెద్దవాడు పోగానే నిన్నటి జూనియర్ ఈరోజు సీనియర్ అవుతాడు.

పారిష్ పెట్టె

బాప్తిస్మాల పుస్తకం ఇద్దరు థామస్‌ల మధ్య తేల్చలేనప్పుడు అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చర్చిలో తాళాల పెట్టెలో ఉంచిన లెక్కలు, కాగితాలకే పారిష్ పెట్టె అని పేరు. ఇప్పుడివి కౌంటీ రికార్డ్ ఆఫీసులోనే ఉంటాయి, ఎక్కువభాగం సూచికలకు ఎక్కలేదు.

చర్చి ఖర్చులు చూసే చర్చివార్డెన్ల ఖాతాలు కమ్మరి వారసులకు పెన్నిధి. గంట నాలుక బాగుచేసినందుకు, చర్చి గేటు బందులకు, తాళానికి అని ఏటా అతని పేరున చెల్లింపులు ఉంటాయి. వరుసగా ముప్పై ఏళ్ల ఖాతాలు చూసి, చెల్లింపు ఏ ఏడు ఏ పేరుకు వెళ్లిందో ఒక కాగితంమీద దించండి. థామస్, థామస్, థామస్, ఒక ఏడు 'విధవ'కు, మరుసటేడు జాన్‌కు. ఆ 'విధవ' ఏడాదికి అటూఇటూ ఖననాల్లో థామస్ దొరుకుతాడు, జాన్ ఆ కొలిమి వారసుడని తేలుతుంది. భర్త పోయాక జర్నీమన్‌ను పెట్టుకుని కొలిమి నడిపిన ఆడవాళ్లు కొద్దిమంది కాదు. వ్యాపార డైరెక్టరీల్లో కమ్మరిగా స్త్రీ పేరు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

పారిష్‌లో పేదల పోషణ చూసే ఓవర్సీర్ల కాగితాల్లో సెటిల్మెంట్ విచారణలు వెతకండి. 1662 చట్టం తర్వాత, ఎవరైనా చేతకానివాడైతే ఏ పారిష్ పోషించాలన్నది పెద్ద తగాదా. ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు అతనిచేత ప్రమాణం చేయించి, ఎక్కడ పుట్టావు, ఎవరిదగ్గర ఎన్నేళ్లు పని నేర్చుకున్నావు, ఏడాదికి పది పౌండ్ల అద్దె ఇల్లు ఎక్కడైనా తీసుకున్నావా అని అడిగి రాయించేవారు. చేయి విరిగి సుత్తి పట్టలేకపోయిన కమ్మరి జీవితకథ మొత్తం అరపేజీలో దొరుకుతుంది. బాగా బతికినవాడికి ఈ కాగితం ఉండదు, అదొక విచిత్రం.

అప్రెంటిస్ ఒప్పందాలపై 1710–1811 మధ్య పన్ను ఉండేది. ఆ పుస్తకాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఆర్ 1 వరసలో ఉన్నాయి. గురువు పేరు, ఊరు, వృత్తి, శిష్యుడి పేరు, కట్టిన సొమ్ము ఉంటాయి. సుమారు 1752 దాకా శిష్యుడి తండ్రి పేరు కూడా సాధారణంగా ఉంటుంది. అక్కడున్న తేదీ పన్ను కట్టిన తేదీ, పని మొదలుపెట్టిన తేదీ కాదు. కొందరు ఏళ్ల తర్వాత కట్టారు. తండ్రి దగ్గరే పని నేర్చుకున్న కొడుకు సొమ్మేమీ కట్టడు కాబట్టి పుస్తకంలో ఉండడు. పారిష్ ఖర్చుతో పనిలో పెట్టిన అనాథలకూ మినహాయింపు, వాళ్ల ఒప్పందాలు పారిష్ పెట్టెలోనే.

1858 జనవరి 12కు ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో రుజువయ్యేవి. పల్లె చేతివృత్తివాడిది ఎక్కువగా బిషప్ కింది అధికారి అయిన ఆర్చ్‌డీకన్ కోర్టులోనో బిషప్ కోర్టులోనో ఉంటుంది, పై చర్చి కోర్టు అయిన కాంటర్‌బరీ ప్రిరోగటివ్ కోర్టు దాకా వెళ్లినవి నేషనల్ ఆర్కైవ్స్ ప్రాబ్ 11 వరసలో. పద్దెనిమిదో శతాబ్దం నడిమి దాకా వీలునామాతోపాటు ఆస్తి జాబితా కూడా దొరకొచ్చు. అందులో 'షాప్' అని ఉంటే దుకాణం కాదు, పనిచేసే కొట్టం. ఆ పేరు కింద దాగలి, తిత్తి, వైసు, సుత్తులు, పట్టకార్లు, పక్క గదిలో రెండు ఆవులు, కొంత గోధుమ. 'నా పనిముట్లన్నీ నా కొడుకు జాన్‌కు' అన్న ఒక్క వాక్యం బాప్తిస్మం పుస్తకం తేల్చలేనిదాన్ని తేలుస్తుంది.

మిగతావి అవసరాన్ని బట్టి. 1757 తర్వాతి మిలీషియా (స్థానిక సైనికదళం) జాబితాల్లో సైన్యానికి తగిన వయసు మగవాళ్ల పేర్లు, వృత్తులు ఉన్నాయి. అన్ని కౌంటీలవీ మిగల్లేదు, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌వి, 1777 నాటి నార్తాంప్టన్‌షైర్‌ది బాగా మిగిలాయి. భూమిపన్ను జాబితాలు 1780–1832 మధ్యవి దండిగా ఉన్నాయి, వాటితో కొలిమి యజమాని ఎవరో, అద్దెకున్నది ఎవరో తెలుస్తుంది. 1836 చట్టం తర్వాత, చర్చికిచ్చే పదోవంతు పన్ను (టైథ్) కోసం వేసిన టైథ్ మ్యాపుల్లో ప్రతి జాగాకూ ఒక నంబరు, పక్కన యజమాని, అనుభవదారు, 'ఇల్లు, కమ్మరికొట్టం, తోట' లాంటి వివరణ. ఆ మ్యాపును ఇప్పటి మ్యాపుపై పెడితే కొలిమి నిలబడ్డ స్థలమే దొరుకుతుంది.

సంతకంతో తేల్చడం

ఒకే పేరున్న ఇద్దరు కమ్మరులు పక్కపక్క పారిష్‌లలో ఉంటే చివరి అస్త్రం చేతిరాత. 1754 తర్వాతి పెళ్లిపుస్తకంలో వరుడి సంతకం బొమ్మ తీసుకోండి. ఓవర్సీర్ల కాగితాల్లో కమ్మరి ఇచ్చిన బిల్లులు, 'ముట్టింది' అని కింద చేసిన సంతకాలు మిగిలి ఉంటే వాటినీ తీయండి. పెద్ద 'జే' అక్షరానికి తోక ఎటు తిప్పాడు, ఇంటిపేరులో రెండు 'ఎల్'లు రాశాడా ఒకటా, కలం ఎక్కడ ఎత్తాడు అన్నవి చూడండి. ముప్పై ఏళ్ల తేడాలో చేయి వణికి ఉండొచ్చు, అక్షరాల తీరు మాత్రం అంత తొందరగా మారదు. పోల్చేది అసలు పుస్తకం బొమ్మ అయ్యుండాలి. బిషప్‌కు పంపిన నకల్లో సంతకాలన్నీ గుమస్తా చేతిరాతే.